ఫ్రెంచి పార్టీలో కరెంట్లు

తెలుగులో ప్రవాహం అంటే పారే నీళ్ళు. కన్నడంలో అదే మాటకు వరద అని అర్థం. కొత్తగా లెక్చరర్లుగా చేరుతున్న మీలాంటివాళ్ళకు చెప్పడానికి నా దగ్గర పెద్ద పెద్ద నీతులేమీ లేవు గాని, ఈ చిన్న తేడా వల్ల మా చింతామణి కాలేజీలో ఒకరోజు జరిగిన భాగోతం మాత్రం ఉంది. తలుచుకుంటే ఇప్పటికీ ఒక్కణ్ణే కూర్చుని నవ్వుతుంటాను. చిక్కబళ్ళాపురంలో మా వీధివాళ్ళకు ఇది అలవాటైపోయింది.

నేను చెప్పింది రాజనీతి శాస్త్రం. రిటైరయ్యే ముందటి సంవత్సరం నాటికి ఆ సబ్జెక్టు తీసుకునే పిల్లలు బాగా తగ్గిపోయారు. కామర్సు గదుల్లో చోటు లేక కిటికీల్లో కూర్చుంటుంటే, మా గదిలో ముందు బెంచీ కూడా నిండేది కాదు. పిల్లలు చాలని విభాగాలను ఎత్తేస్తామని బెంగళూరు నుంచి సుత్తోలె వచ్చింది, అంటే సర్క్యులరు. ఎత్తేస్తే నాకొచ్చే నష్టం లేదు. నన్ను ఇంకో ఊరికి వేస్తారు, అక్కడ నాలుగు దండలు వేయించుకుని ఇంటికి వచ్చేస్తాను. పోయేది మా గెస్టు లెక్చరరు పని.

గెస్టు లెక్చరరును కన్నడంలో అతిథి ఉపన్యాసకరు అంటారు. అతిథి అని పేరు పెట్టడంలోనే, ఎప్పుడు బయల్దేరతారు అనే ప్రశ్న ఉంది. ఆమె గౌరిబిదనూరు అమ్మాయి, సేద్యం చేసే ఇంటి పిల్ల. మా విభాగం పోతే ఆమెకు మరో కాలేజీ దొరకదు, అన్ని చోట్లా ఇదే కథ. పని లేకపోతే ఇంట్లో వాళ్ళు పీహెచ్‌డీ కూడా మాన్పించేస్తారు. ఆ పీహెచ్‌డీ విషయమేమంటే, ఫ్రాన్సులో ఒక రాజకీయ పార్టీ యువజన విభాగం చరిత్ర, దాని నిర్మాణం. ఎవరూ ముట్టని విషయం పట్టుకోమని బెంగళూరులో ఆమె గైడు చెప్పాడట. మా జిల్లాలో ఎవరూ ముట్టని మాట మాత్రం నిజం.

దానికోసం ఫోనులో పాఠాలు విని ఫ్రెంచి నేర్చుకుంది. రోజూ బస్సులో ఆ మాటలను ముక్కుతో పలుకుతుంటే, పక్కసీటు ఆమె జాలిపడి మిరియాల కషాయం తాగమని చెప్పిందట. స్టాఫ్ రూములో మా కామర్సాయన ఆమె లోపలికి రాగానే, బంధువుల క్షేమం అడిగినట్టు, మీ ఫ్రాన్సు పిల్లలు బాగున్నారా అమ్మా అని అడిగేవాడు. ఆమె కూడా తక్కువ తినలేదు. ఏ రోజు ఏ అధ్యాయం రాస్తుంటే ఆ కబురే చెప్పేది. బాగున్నారు సార్, ఎన్నికలొచ్చాయి గదా, పెద్దవాళ్ళు మళ్ళీ ప్రేమగా చూస్తున్నారు అని ఒకరోజు. వాళ్ళ పత్రికను ఆపించేశారు సార్ అని ఇంకోరోజు. అలాంటి కబురు విన్నప్పుడు కామర్సాయన నిజంగానే బాధపడి ఆమెకు టీ తెప్పించేవాడు.

విభాగం సంగతి తేల్చడానికి జంటి నిర్దేశకరు, అంటే జాయింట్ డైరెక్టరు, స్వయంగా వస్తున్నారని తెలిసింది. ధారవాడ వైపు మనిషి, తెలుగు ఒక్క ముక్క రాదు. కోపిష్టి కాదు. అంతకన్నా ప్రమాదం, మర్యాదస్తుడు. ఏదడిగినా నోడోణ అంటాడని పేరు. చూద్దాం అని దాని అర్థం. సర్కారు కొలువులో కొన్నాళ్ళుంటే మీకే తెలుస్తుంది, నోడోణ అన్న పని జరగగా చూసినవాడు లేడు.

ఆయన వచ్చే రోజున హాలు నిండా పిల్లలను కూర్చోబెట్టి, ఈ అమ్మాయి చేత తన పరిశోధన మీద ఉపన్యాసం ఇప్పిద్దామని నేను పథకం వేశాను. మా ప్రిన్సిపాలు బాటనీ చెప్పే మనిషి, చింతామణి శెట్ల ఇంటివాడు, ఏ గొడవా లేకుండా పొద్దు గడిస్తే చాలనుకునే మంచివాడు. సరేనని, పోస్టరు మాత్రం అందంగా వేయించమన్నాడు.

చిక్కు పోస్టరు దగ్గరే వచ్చింది. ఆ పార్టీలో ఒకే గొడుగు కింద రకరకాల అభిప్రాయాల వర్గాలు ఉంటాయట. ఫ్రెంచివాళ్ళు వాటిని ప్రవాహాలు అని అర్థమొచ్చే మాటతో పిలుస్తారు, ఇంగ్లీషు పుస్తకాల్లో కరెంట్స్ అని ఉంటుంది. ఆమె థీసిస్‌కు ప్రాణం ఆ అధ్యాయమే. దాన్ని కన్నడంలో ఏమని వేయాలి? ప్రవాహ అంటే వరద. గుక్కెడు నీళ్ళ కోసం పాతాళం దాకా బోరు వేసే తాలూకాలో వరద అని పోస్టరు వేస్తే జనం నవ్వుతారు. ధారె అందామంటే అది పెళ్ళిలో ధారపోసే ముహూర్తం. గుంపు అంటే సరిగ్గా సరిపోతుంది గాని, గుంపు కట్టడమనే మాట వింటేనే అధికారులకు ఒళ్ళు మండుతుంది. చివరికి నేనే విసిగిపోయి, కరెంట్ అనే ఉంచు తల్లీ, చదువుకున్నవాళ్ళు అర్థం చేసుకుంటారులే అన్నాను.

ప్రెస్సువాడు ఫ్రెంచి పార్టీ, యువ ఘటక అంటే యువజన విభాగం, ఇతిహాస అంటే చరిత్ర, ఆ పొడుగు ముక్కనంతా చీమతలకాయంత అక్షరాల్లో వేసి, మిగిలిన జాగా నిండా ఎర్రరంగులో ‘కరెంటుగళు’, అంటే కరెంట్లు, అని వేశాడు. దాని కింద ‘ఎల్లరిగూ స్వాగత’, అందరికీ స్వాగతం. మా అటెండరు కాలేజీ గేటుకు ఒకటి అంటించి, గిన్నెలో జిగురు మిగిలింది గదా అని పక్కనే ఉన్న కరెంటాఫీసు గోడకు ఇంకోటి అంటించి వచ్చాడు.

ఆ రోజు పొద్దున కాలేజీకి వెళ్తే నరమానవుడు లేడు. చిక్కబళ్ళాపురంలో ఏదో పార్టీ యువజన సమావేశమట. బస్సులు పెట్టారు, టీషర్టు ఇస్తారు, మధ్యాహ్నం బిరియాని. మా పిల్లలంతా పొద్దున్నే బస్సెక్కేశారు. యువజన విభాగం గురించి వినవలసిన పిల్లలను యువజన విభాగమే ఎత్తుకుపోయింది. ఆ సమావేశానికి పిలుస్తూ మా గేటు ఎదురుగానే యువ నాయకుడి ఫ్లెక్సీ కట్టారు. ఆ యువకుడి మనవడు మా పక్క బడిలోనే చదువుతున్నాడు.

మా గెస్టు లెక్చరరు ఇస్త్రీ చీర కట్టుకుని, కాగితాలు గుండెకు అదుముకుని, ఖాళీ కుర్చీల మధ్య నిలబడి ఉంది. ఏడవడం లేదు. సగం కుర్చీలు ఎత్తి పక్కన పెట్టేస్తే హాలు అంత ఖాళీగా కనపడదేమో సార్ అంది. ఆ మాటకు నా గుండె చెరువైంది.

అప్పుడే గేటు దగ్గర సందడి అయింది. పంచెలు, తలగుడ్డలు, టమోటా బుట్టలు, చంటిపిల్లలతో ఆడవాళ్ళు, అంతా బిలబిలమంటూ హాల్లోకి వచ్చి కూర్చున్నారు. చాకవేలు నుంచీ కెంచార్లహళ్ళి నుంచీ వచ్చిన రైతులని మాత్రం తెలిసింది. ఎందుకు వచ్చారని నేను అడగలేదు. అడిగితే చెప్తారని భయం. అసలు సంగతి తర్వాత తెలిసింది. బోర్లకు కరెంటు రాత్రిపూట ఇస్తున్నారు, పగలు ఇవ్వండని అడగడానికి వాళ్ళు కరెంటాఫీసుకు వచ్చారు. అక్కడ పెద్ద సారు లేడు, మధ్యాహ్నం వస్తాడు, నోడోణ అన్నారట. గోడ మీద మా పోస్టరు చూసి, అయితే మాట్లాడేది ఇక్కడ కాబోలని నేరుగా వచ్చేశారు.

జంటి నిర్దేశకరు వచ్చేసరికి హాలు కిటకిటలాడుతోంది. ఆయన ముఖం విచ్చుకుంది. తర్వాత నెరిసిన మీసాలు కనిపించి, వీళ్ళంతా విద్యార్థులేనా అని అడిగారు. అందరికీ స్వాగతమని పోస్టరులోనే వేశాం సార్ అన్నాను. ఆయన పక్కన కూర్చుని, తెలుగులో ఏదైనా వస్తే కన్నడంలో చెప్పే పని నేను తీసుకున్నాను. ఆమె కన్నడంలోనే, పుస్తకం భాషలో మొదలుపెట్టింది. ముందు వరసలోంచి చాకవేలు పెద్దాయన లేచాడు. ఆ రైతుల సంఘానికి ఆయనే అధ్యక్షుడు.

"అమ్మా, కన్నడం మాకు వస్తాది. కానీ ఇది బతుకు సంగతి. తెలుగులో చెప్పు," అన్నాడు.

ఆమె కాగితాలు పక్కన పెట్టేసింది.

"ఆ పార్టీ పెద్దోళ్ళలో కరెంట్లు చానా ఉండాయి. ఒక్కో పెద్దమనిషి చేతిలో ఒక్కో కరెంటు."

హాల్లో తలలన్నీ ఊగాయి.

"ఈడా అంతేనమ్మా. కరెంటంతా పెద్దమనుషుల చేతిలోనే ఉండాది," అన్నాడు పెద్దాయన.

ఆమె ముఖం చూడాలి మీరు. ఇన్నేళ్ళలో ఆ అధ్యాయం వింటూ నిద్రపోని మనిషిని ఆమె చూడటం అదే మొదటిసారి. రెట్టించిన ఉత్సాహంతో, యువ ఘటకలో కరెంట్లు ఉండకూడదని రూలు ఉండేదనీ, అయినా లోపల్లోపల దొంగతనంగా నడుస్తూనే ఉండేవనీ చెప్పింది.

"దొంగ కరెంటు లేని ఊరు యాడుందమ్మా," అన్నాడు వెనకనుంచి కెంచార్లహళ్ళి రైతు ఒకాయన.

పట్టుబడితే ఏం చేస్తారని ఇంకొకరు అడిగారు. పైనుంచి కమిటీ వస్తుందని, మాట వినకపోతే ఆ శాఖనే తీసేస్తారని ఆమె చెప్పింది. లైను పీకేస్తారన్నమాట అని ఆయన పక్కవాళ్ళకు వివరించాడు. నాకు అప్పటికే అనుమానం మొదలైంది గాని, కరెంటు తెలుగులోనూ కరెంటే, కన్నడంలోనూ కరెంటే, కాబట్టి ఉన్నది ఉన్నట్టు అనువదిస్తూ పోయాను. ఈ రైతులకు ఫ్రెంచి రాజకీయాలు ఇంత బాగా ఎలా తెలుసని జంటి నిర్దేశకరు ఆశ్చర్యపోయారు. సరిహద్దు ప్రాంతం గదా సార్, జనం చురుకు అన్నాను.

అంతలో ఆమె మోషన్ల దగ్గరికి వచ్చింది. పార్టీల మహాసభల్లో మోషన్ అంటే తీర్మానం. మా ఊళ్ళలో మోషన్ అంటే ఏమిటో మీకు వేరే చెప్పనక్కరలేదు. మహాసభకు ముందు ప్రతి కరెంటూ ఒక మోషన్ పెట్టాలనీ, ఎవరి మోషన్‌కు ఎక్కువ ఓట్లు పడితే వాళ్ళదే నాయకత్వమనీ ఆమె తన్మయంగా చెప్పింది. ఒక ముసలాయన మెల్లగా చెయ్యెత్తాడు.

"కరెంటుకు మోషనేందమ్మా? షాకు కొట్టినాక అయ్యేదా?"

ఇక నవ్వులు. తలగుడ్డలు నోట్లో కుక్కుకుని నవ్వారు. ఏమన్నాడని జంటి నిర్దేశకరు అడిగితే, సూక్ష్మమైన ప్రశ్న సార్, తర్వాత చెప్తాను అన్నాను. ఆ నవ్వుల మధ్యలో చాకవేలు ఆడమనిషి ఒకామె లేచి నిలబడింది. మల్బరీ తోట చేసుకునే మనిషి, గొంతు కంచు.

"అదంతా ఉండనీ తల్లీ. ఆ దేశంలో కరెంటు పగలిస్తారా, రాత్రిస్తారా?"

మా లెక్చరరమ్మాయి గోడ మీద పోస్టరు వైపు చూసి, నా వైపు చూసింది. నేను సీలింగు ఫ్యాను వైపు చూశాను. ఇప్పుడు వీళ్ళు లేచి వెళ్ళిపోతే, ఆ ఖాళీ కుర్చీలతో పాటే మా విభాగమూ పోతుంది. ఆమె వేదిక దిగి వాళ్ళ మధ్యకు వచ్చింది.

"అమ్మా, అప్పా, నేను చెప్పేది మీ బోరు కరెంటు కాదు. ఆ దేశంలో పార్టీ లోపలి గుంపులకు ఆ పేరు. మీ కరెంటు సంగతి నాకు తెలీదు. నాకు తెలిసింది ఇదొక్కటే, నా బతుకు దీని మీదే ఉండాది. వింటామంటే చెప్తా. పోతామంటే పోండి, నేనేమీ అనుకోను."

పెద్దాయన అటూ ఇటూ చూసి, మధ్యాహ్నం దాకా ఆ సారు ఎలాగూ రాడు, ఇక్కడ ఫ్యాను తిరుగుతోంది, చెప్పమన్నాడు. అలా మొదలైంది అసలు పాఠం. పార్టీని తండ్రి అనుకోమంది, యువ ఘటకను ఎదిగిన కొడుకు అనుకోమంది. మొదట్లో జెండాలు మోయడానికి, గోడలకు కాగితాలు అంటించడానికి మాత్రమే పిల్లలు కావలసి వచ్చారు. తర్వాత పిల్లలు మా చందా మాదే, మా పత్రిక మాదే, మీరు తప్పు చేస్తే తప్పనే అంటాం అన్నారు. తండ్రికి కోపమొచ్చింది. ముప్పై దాటేలోపే ఆ ఘటక నుంచి తప్పుకోవాలని ఆమె చెప్తే, ముప్పైకా, ఇక్కడ ఆ వయసుకు టీలు మోయడానికి చేర్చుకుంటారు గదమ్మా అన్నాడు పెద్దాయన. జంటి నిర్దేశకరు కూడా నవ్వారు. నేను హమ్మయ్య అనుకున్నాను.

అప్పుడు మల్బరీ ఆమె మళ్ళీ లేచి, ఆ పిల్లలు తమ అధ్యక్షుణ్ణి తామే ఎన్నుకుంటారా, పెద్దవాళ్ళు పేరు చెప్పరా అని అడిగింది. చెప్తారు, అయినా ఓటు పిల్లలదే అంది మా అమ్మాయి. మల్బరీ ఆమె పెద్దాయన వైపు తిరిగింది.

"మరి మా మహిళా ఘటకకు నీ కోడల్ని అధ్యక్షురాల్ని చేసేటప్పుడు మమ్మల్ని అడిగినావా అప్పా?"

గడ్డివామికి నిప్పంటుకున్నట్టు అయింది. ముందుగా లేచింది ఆ కోడలే, తనకు అప్పుడే వద్దన్నానని, ఎవరూ వినలేదని. ఆడవాళ్ళంతా ఒక పక్కకు జరిగారు. మగవాళ్ళలో కొందరు వాళ్ళ వైపు, కొందరు పెద్దాయన వైపు, కొందరు ఎటు పోతే మధ్యాహ్నం భోజనం దొరుకుతుందో అటు. కరెంట్లు అంటే ఏమిటో ఇక విడిగా వివరించవలసిన అవసరం లేకపోయింది. ఏం జరుగుతోందిక్కడ అని జంటి నిర్దేశకరు నన్ను అడిగారు. ప్రాక్టికల్స్ సార్ అన్నాను. రాజనీతి శాస్త్రంలో ప్రాక్టికల్స్ లేవు అని ఆయన లేచారు. అవతల మా అమ్మాయి ఆ గోలలో గొంతు చించుకుంటోంది. ఇలాగే కొట్లాడుకుంటూ ఉంటే పెద్దవాళ్ళు ఒకరోజు ఆ ఘటకనే పూర్తిగా రద్దు చేసి, పిల్లలందరినీ బయటికి తోసేశారని చెప్తోంది. ఆమె మాట ఎవరికీ వినపడినట్టు లేదు.

ప్రిన్సిపాలూ నేనూ జంటి నిర్దేశకరు వెనకే కారు దాకా పరిగెత్తాం. ఉపన్యాసం బాగుంది, అమ్మాయి తెలివైనది, కానీ వీళ్ళు విద్యార్థులు కారు అన్నారాయన. తర్వాత ఆ మాట కూడా అన్నారు.

"నోడోణ."

వెనక్కి తిరిగి చూస్తే ఆడవాళ్ళంతా హాల్లోంచి వచ్చి నిలబడి ఉన్నారు. ఆ గోలలోనే చేతులెత్తించి ఎన్నిక జరిపేసుకున్నారట, కోడలే పేరు ప్రతిపాదించి మల్బరీ ఆమెను అధ్యక్షురాలిని చేసిందట. నోడోణ ఎందుకన్నాడని కొత్త అధ్యక్షురాలు నన్ను అడిగింది. ఈ విభాగం మూసేస్తారు, ఆ అమ్మాయి పని పోతుంది అని చెప్పాను. ఆమె నేరుగా వెళ్ళి కారు ముందు నేల మీద కూర్చుంది. వెనకే అందరూ కూర్చున్నారు.

"పొద్దున్నుంచి ఆ ఆఫీసులో గూడా ఇదే మాట విన్న్యాము. ఆయమ్మను తీసేస్తే ఈ కారు కదలదు. చెప్పప్పా మీ సారుకు."

ఏమంటున్నారని జంటి నిర్దేశకరు అడిగారు. ఉన్నది ఉన్నట్టు చెప్తే పోలీసులకు ఫోను వెళ్తుంది, ఆయనకు పట్టుదల వస్తుంది, విభాగానికి నీళ్ళు వదులుకోవాలి. నా నోట్లోంచి కన్నడంలో ఏం వచ్చిందో నాకే ఆశ్చర్యం. విభాగాన్ని ఉంచుతున్నందుకు వీళ్ళు మీకు కృతజ్ఞత చెప్పుకోవాలంటున్నారు సార్, సన్మానం చేయకుండా దారి ఇవ్వరట, మీ ఆదేశం చదివి వినిపిస్తే చాలట అన్నాను. అనేసిన తర్వాత గుర్తొచ్చింది, ఇక్కడ కూర్చున్న వాళ్ళందరికీ నాకన్నా బాగా కన్నడం వచ్చు.

మల్బరీ ఆమె నన్ను ఒకసారి తేరిపార చూసింది. ముఖంలో గీత కూడా కదల్లేదు. లేచి వచ్చి, ప్రిన్సిపాలు చేతిలో పొద్దున్నుంచి వేయడం మరిచిపోయి పట్టుకుని ఉన్న దండ తీసుకుని, జంటి నిర్దేశకరు మెడలో వేసింది. మీ మేలు మరువం సార్ అని చక్కటి కన్నడంలో చెప్పింది. నేల మీద కూర్చున్నవాళ్ళంతా కూర్చున్న చోటనే చప్పట్లు కొట్టారు. నీళ్ళు లేక వాడిన టమోటాలను కరెంటాఫీసులో చూపిద్దామని బుట్టల్లో తెచ్చారట, వాటిలో మంచివి ఏరి పెద్దాయన కారులో పెట్టాడు. ప్రిన్సిపాలుకు దగ్గు తెర వచ్చి అటు తిరిగి నిలబడ్డాడు.

"నాను నోడోణ అందె అష్టె," అన్నారు జంటి నిర్దేశకరు. నేను చూద్దామన్నానంతే అని.

అదే సార్, మీరు చూద్దామంటే అయిపోయినట్టేనని వీళ్ళ నమ్మకం అన్నాను. నా సర్వీసు మొత్తంలో అంత పెద్ద అబద్ధం నేను ఆడలేదు, ఆడినందుకు ఇవాళ్టికీ సంతోషమే. ఆయన దండను ఒకసారి తడిమి చూసుకున్నారు. బదిలీ అయినప్పుడు తప్ప ఆయనకు ఎవరూ దండ వేసినట్టు లేరు పాపం. ఫైలు తెమ్మన్నారు. కారు బానెట్ మీదే పెట్టి, ఈ విభాగాన్ని ఈ సంవత్సరం కొనసాగించవచ్చు అని రాసి సంతకం పెట్టారు.

అప్పుడొచ్చింది మా అమ్మాయి, అంతసేపూ బోర్డు మీద పాఠం రాస్తూ ఉండిపోయి, చీర కొంగుకంతా సుద్దపొడి అంటుకుని, వినేవాళ్ళంతా ఎటు పోయారని వెతుక్కుంటూ. జంటి నిర్దేశకరు మెడలో దండ చూసి, వీడ్కోలు అయిపోయిందనుకుని ముఖం వేలాడేసింది. నేను ఫైలు ఆమె చేతిలో పెట్టాను. చదివింది, మళ్ళీ చదివింది, అక్కడే ఆ ఆడవాళ్ళ మధ్యే నేల మీద కూలబడి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతూ ఏడ్చింది. దాచడమెందుకు, నేనూ ఏడ్చాను. మల్బరీ ఆమె మా ఇద్దరినీ కాసేపు ఓర్చుకుని, ఆమె చెయ్యి పట్టుకుని లేవదీసింది.

"లెయ్యమ్మా. పాఠం సగంలో నిలిపేసినావు. బయటికి తోసేసిన ఆ పిల్లోళ్ళను మళ్ళా ఇంట్లోకి రానిచ్చినారా, లేదా?"

"అది చెప్పాలంటే చానాసేపు పడతాదమ్మా."

"పట్టనీ."

అందరం మళ్ళీ హాల్లోకి వెళ్ళాం. జంటి నిర్దేశకరు కూడా దండతోనే వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. నేను ఆయన పక్కన కూర్చుని, ఈసారి ఉన్నది ఉన్నట్టు అనువదించడం మొదలుపెట్టాను.